పచ్చ బటన్

కనకమామిడిలో తెల్లారకముందే గులాబీలు కోసి, బుట్టలు ఆటోకెక్కించి వచ్చింది అంతమ్మ. చాయ్ పోసుకుందో లేదో, కూతురు నీలవేణి ఎదురుగా కూర్చోబెట్టింది. మనుషులు యంత్రాలను ఎలా వాడతారో నేర్పే చదువు నీలవేణిది. పట్నంలో హాస్టల్. భర్త పోయినప్పటినుంచి ఇంట్లో అంతమ్మ ఒక్కతే. నలభై రోజులకు కూతురు వచ్చిందంటే బెంగతో కాదు. పూల ధర చూపించే ఫోన్ యాప్‌ను ఐదుగురితో వాడించి సోమవారానికి రాసివ్వాలి. నలుగురయ్యారు, ఐదో మనిషి ఇంట్లోనే ఉంది.

"గులాబీ ధర ఎంతున్నదో ఇందుల చూడవ్వా. మనసుల ఏమనిపిస్తే అది పైకి చెప్పాలె. నేను సాయం చెయ్య, మాట్లాడ. అదే మా పద్ధతి."

"కన్నతల్లికి గిదేం పరీక్షనే!" అంటూనే అంతమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"ఇది ఒత్తిన, ఏం రాలె. మల్ల ఒత్తిన, ఉన్నది పోయింది."

రెండు తప్పులు, అని నీలవేణి రాసుకుంది. తల్లి తనవైపు చూస్తోందని తెలిసినా తలెత్తలేదు.

"చెప్పమన్నవ్, చెప్తున్న. నాకు ఫోన్ ఒత్తుడే రాదు బిడ్డా. రోజు బువ్వ తిని నీకు మిస్‌డ్ కాల్ ఇస్త. పచ్చది రెండుసార్లు ఒత్తు, మోగంగనే ఎర్రది ఒత్తు, నేనే చేస్త అని నువ్వే నేర్పితివి. యాడ తప్పు ఒత్తుతున్ననో, నీ ఫోనే రాదు. పక్కింటి శాంతమ్మను అడుగుదామంటే సిగ్గైంది. రోజు జర గట్టిగ ఒత్తి చూస్తున్న."

నీలవేణి పెన్ను ఆగిపోయింది. ఆ కాల్స్ అన్నీ ఆమెకు చేరాయి. అవ్వ బువ్వ తిన్నదిలే అనుకుని ఫోన్ పక్కన పడేసేది. వాడే మనిషి తడబడితే తప్పు ఆ మనిషిది కాదని మొదటి రోజే క్లాసులో చెప్పారు. దాని కింద గీత గీసి మరీ దాచుకుంది. దీపం కిందే చీకటి.

"నువ్వు సరిగ్గనే ఒత్తినవ్ అవ్వా. అన్నీ ముట్టినయ్. నేనే చెయ్యలె."

"ముట్టినయా! అయితే నాకు ఒత్తుడు వస్తది!" అంతమ్మ ముఖం వెలిగింది. తర్వాత మెల్లగా 'నేనే చెయ్యలె' అన్న మాట అర్థమైంది. "చాయ్ సల్లారింది, ఏడి చేస్త" అని లేవబోయింది.

నీలవేణి కొంగు పట్టుకుని ఆపింది. తల్లి ఒళ్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అంతమ్మ నోట్‌బుక్ మూసి పక్కన పెట్టి, కూతురి తల నిమిరింది.

"ఇగ నీ మనసుల ఏమున్నదో పైకి చెప్పు బిడ్డా. నేను మాట్లాడ."