గొంతు తగ్గిందంటే

1999 డిసెంబర్ 30. ఆ రోజు చేయాల్సిన పనులు:

ఒకటి, మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా టోవా పాయో హాకర్ సెంటర్‌లో, తిండి దుకాణాల మధ్య, కూర్చోవాలి.
రెండు, వాక్‌మన్ ఇయర్‌ఫోన్లలో లిగాయా గొంతు వినాలి.
మూడు, ఆమె తెచ్చే పాస్‌వర్డ్ తీసుకోవాలి.
నాలుగు, ఆమెను ప్రాణాలతో ఎయిర్‌పోర్టుకు చేర్చాలి.
ఐదు, కుమారమ్మ మామ్మగారికి అరటిపువ్వు కొనాలి.

శశికాంత్ కాగితాన్ని ముక్కలు చేసి సింక్‌లో కడిగేశాడు. లోకానికి అతను కంప్యూటర్లలో రెండువేల సంవత్సరపు తప్పు దిద్దే వైటూకే ప్రోగ్రామర్, కుమారమ్మ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్న బ్రహ్మచారి. ఢిల్లీలో ఒక ఆఫీసుకు మాత్రం ఏజెంట్ 41.

ఫోన్ మోగింది.

"మేనత్తకు జ్వరం తగ్గిందా?" చీఫ్ జగన్మోహనరావు.

"తగ్గింది సార్. గంజి తాగుతోంది."

కోడ్ సరిపోయింది.

"విను. మధ్యాహ్నం రెండింటికి మనం వెంటాడుతున్న ముఠావాళ్ల దొంగ వైటూకే ప్యాచ్ రన్ అవుతుంది. ఓడల రాడార్ స్క్రీన్లు గుడ్డివైపోతాయి. ఆ టైంలో ఆయిల్ ట్యాంకర్ల మధ్య పదకొండు ఫెర్రీలుంటాయి. ఆ లిగాయాను నమ్మొచ్చా? ముఠా మనిషేగా."

"ఫెర్రీల్లో ఉండేది తనవాళ్లేనని తెలిశాక మనవైపు వచ్చింది సార్. ఇళ్లల్లో పనిచేసుకునే ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు."

"సరే. నువ్వు పంపిన సిగ్నల్ తలకిందులుగా ఉంది, దిద్దాను. గొంతు పెంచితే ప్రమాదం దగ్గర. తగ్గిస్తే సేఫ్. ఆమెకు మెమో వెళుతుంది. ఫైల్‌లో ఉన్నట్టు చెయ్యి."

 శశికాంత్ తండ్రి సంతకం రాని వేలిముద్ర మనిషి. ఇంట్లో మొదటి డిగ్రీ శశికాంత్‌ది. స్టాంపు పడిన కాగితం తప్పు చెప్పదని నమ్మి పైకొచ్చాడు.

"అలాగే సార్."

శశికాంత్ పంపిన అసలు సిగ్నల్ పుట్టింది కుమారమ్మ వంటింట్లోనే. నెల కిందట లిగాయా వచ్చినప్పుడు ముగ్గురూ అన్నం తింటున్నారు. కుమారమ్మ యుద్ధంలో జపాన్‌వాళ్లు ఇక్కడ ఏలిన కాలం సంగతి ఎత్తింది.

"పొంతియానక్ అని ఇక్కడో ఆడదెయ్యం తంబీ. గట్టిగా ఏడిస్తే దూరంగా ఉన్నట్టు. సన్నగా ఏడిస్తే నీ వీపు వెనకే ఉన్నట్టు. అది మాకు భలే పనికొచ్చింది. మా అక్క భ్రమరాంబ గట్టు మీద కాపలా ఉండేది. సోల్జర్లు దూరంగా ఉంటే గట్టిగా పాడేది, దగ్గరికొచ్చేకొద్దీ గొంతు తగ్గించేది. మేం ఏడుగురు పిల్లలం కర్రపెండలం చేలో బోర్లా పడుకునేవాళ్లం. ఒకరోజు గొంతు తగ్గి, తగ్గి, ఆగిపోయింది. మేం బతికాం. అక్క మళ్లీ పాడలేదు."

లిగాయా చెంచా కింద పెట్టింది. "మా ఊళ్లో దాన్ని తిక్‌తిక్ అంటారు ఆంటీ. దెయ్యప్పిట్ట కూత. పెద్దగా వినిపిస్తే దూరం, చిన్నగా వినిపిస్తే నెత్తి మీదే. మా లోలా, అంటే మా అమ్మమ్మ, నలభై నాలుగులో పిల్లల్ని అడవిలో దాచింది ఆ కథతోనే."

కుమారమ్మ తన పళ్లెంలోని చేప తల తీసి లిగాయా పళ్లెంలో వేసింది.

హాకర్ సెంటర్ కిటకిటలాడుతోంది. లిగాయా ఎర్ర సూట్‌లో వచ్చింది. ముత్యాల బ్రోచ్‌లో మైక్. పద్నాలుగో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఒకటి పెట్టి, నాలుగు టేబుళ్ల అవతల కూర్చుంది. టిష్యూ ప్యాకెట్ పెట్టారంటే ఆ చోటు చోప్, అంటే రిజర్వ్, అయిపోయినట్టే. ట్రేలు పట్టుకుని ఆకలితో నిలబడ్డవాళ్లు కూడా దాన్ని ముట్టుకోరు.

లిగాయా ఇక్కడివాళ్ల లాగే మాట చివర 'లా' తగిలిస్తూ, సెల్‌ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నవ్వుతోంది. "బెడోక్‌లో అయితే లక్సా నూడుల్స్ ఇంకా బాగుంటుంది లా!"

గొంతు పెద్దగా ఉంది. ఫైల్ ప్రకారం ప్రమాదం. శశికాంత్ లేచి చుట్టూ చూశాడు. ఎవరూ లేరు.

గొంతు తగ్గింది. సేఫ్. అతను కూర్చున్నాడు.

బూడిద రంగు చొక్కా మనిషి ఒకడు గొడుగు పట్టుకుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. గొంతు ఇంకా తగ్గింది. వంటింట్లో విన్న మాట శశికాంత్ గుండెలో కదిలింది. ఫైల్ దాన్ని నొక్కిపెట్టింది. చివరికి ఇయర్‌ఫోన్లలో గుసగుస: "తిక్... తిక్..."

ఆగిపోయింది.

అతను పరుగెత్తేసరికి ఆ మనిషి ఆమె హ్యాండ్‌బ్యాగ్‌తో జనంలో కలిసిపోయాడు. లిగాయా నిద్రపోతున్నట్టు బల్ల మీద తల వాల్చి ఉంది. మెడ మీద సూదిమొనంత రక్తపు చుక్క. కళ్లు మాత్రం తెరుచుకుని పద్నాలుగో టేబుల్ వైపు చూస్తున్నాయి.

అతను టిష్యూ ప్యాకెట్ తీశాడు. ట్రేతో నిలబడ్డ పెద్దావిడ కసిరింది. "హలో, చోప్ చేసిన చోటు లా. మనిషి వస్తుంది."

"రాదు ఆంటీ."

మూడో టిష్యూ మీద కనుబొమల పెన్సిల్‌తో రాసి ఉంది: తిక్‌తిక్1944.

ఒంటిగంటా యాభై తొమ్మిది నిమిషాల యాభై ఏడు సెకన్లకు, ఆ పాస్‌వర్డ్‌తో ప్యాచ్‌ను ఆపుతూ, అతని వేలు ఎంటర్ నొక్కింది. పదకొండు ఫెర్రీలూ ఒడ్డుకు చేరాయి. ఎక్కినవాళ్లకు ఏమీ తెలియదు.

సాయంత్రం అరటిపువ్వు అందుకుని కుమారమ్మ అంతా విన్నది.

"గొంతు తగ్గింది. నువ్వు లేవలేదు."

"ఆఫీసులో దిద్దారు మామ్మగారూ."

"ఆ దిద్దినాయన ఏ చేలో పడుకున్నాడు తంబీ?"

 ఆమె అరటిపువ్వు వలుస్తూ కూర్చుంది. మూడు కంచాలు పెట్టి, ఒకటి వెనక్కి తీసింది.

సిగ్నల్ మార్పు గురించి లిగాయాకు పంపాల్సిన మెమో మీద జనవరి మూడున సంతకం పడింది. రిపోర్టులో ఆమె గురించి 'స్థానిక సోర్సు, స్త్రీ' అని ఉంటే, శశికాంత్ జీవితంలో మొదటిసారి ఫైల్ దిద్దాడు: లిగాయా సల్వదోర్. పేరుకు ఆధారం ఏమిటని అడుగుతూ అది తిరిగొచ్చింది.

ఆధారం లేదు. అందుకే మిమ్మల్ని అడగడం. ఎక్కడైనా ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఒంటరిగా కనిపిస్తే కదపకండి. లిగాయా సల్వదోర్‌ను ఒక్కసారి తలుచుకోండి. పేరు మెల్లగా పలకండి. గొంతు తగ్గితేనే దగ్గరికొచ్చినట్టు.