కర్రెగాని కొత్త మూతి

జైనూర్ దిక్కు మక్కచేన్లకు అడివిపందుల బాధ మస్తు. నాటుబాంబును కోడిపేగుల్ల ఉండలెక్క చుట్టి గట్ల మీద పెడతరు, దొంగతనంగ. పెట్టినోడే తెల్లారకముందు అచ్చి మిగిలినయి ఏరుకోవాలె. గది కట్టుబాటు.

గా దినం ఎవడో ఒక ఉండ మరిచిండు. కొమురవ్వ పెనిమిటి మొండయ్య చేనుకు పోయిండు, ఎన్క వాళ్ల కుక్క కర్రెగాడు. కుక్క ఉండను కరుచుకుంది. గుంజుదామని మొండయ్య వంగి మొఖం దగ్గర వెట్టిండు...

మక్క కంకుల మీద నెత్తురు, తోలు, బొక్కలు. పెనిమిటి మొఖం కొమురవ్వకు సూపియ్యలే. పండ్లు సుత దొరకలే, తువ్వాల చుట్టే కాల్చిన్రు.

కుక్క సావలే. మీది మూతి లేకుంట కొట్టుకుంటుంటె కొమురవ్వ ఒళ్లె ఏసుకొని కరీంనగర్ పసుల దవాఖానకు పోయింది. రుచిత డాక్టరమ్మ మూడుసార్లు కోసింది. మెడ తోలు మలిపి మూతికి కుట్టింది, ముక్కుకు తొర్రలు వెట్టింది.

ఇంటికి తెచ్చిననాడు పగటీలి మరిది హనుమండ్లు అచ్చిండు. వాకిట్ల ఎండ. కుట్ల నీసు వాసన, ఈగల రొద.

"గీ మొఖమేంది వదినే, అతుకుల బొంత లెక్క. ఎందుకు బతికిచ్చినవ్?"

"ఉండ పెట్టినోడు ఎవడో దీనికే ఎరుక మరిదీ. నాకు గదొక్కటి తెల్వాలె."

"కుక్కొచ్చి పంచాయితీల చెప్తదా?"

నవ్విండు. కర్రెగాడు లేసింది. మొరగలే. మెల్లగ అచ్చి ఆయన మొఖంల మొఖం వెట్టింది. కొత్త పెదవి వణికింది...

"నేనే వదినే," హనుమండ్లు గుసగుసగ అన్నడు. "తాగి మరిచిన. దీన్ని గుంజు... జర గుంజు..."

కొమురవ్వ గుంజలే.

కుక్క ఆయన చెంప పట్టింది. ఇదిలిచ్చింది. తోలు చీరి దవడ బొక్క తెల్లగ అవుపడ్డది. అరుపు నెత్తుట్ల మునిగి బుడబుడమన్నది. ఊరోళ్లు కట్టెలు వట్టుకొని ఉరికచ్చినంకనే ఇడిచింది.

కుక్క నోట్లె ముందటి పండ్లు ఒక్కటి లేవు. బాంబుకే పోయినయి. గప్పుడు కొమురవ్వకు యాదికి రాలే.

దవాఖానల డాక్టరు హనుమండ్లు గాయం కడుగుకుంట ఆగిండు. చెంపల నుంచి ఇరిగిన పన్ను ఒకటి పీకి పళ్లెంల ఏసిండు.

"కుక్క అంటిరి. ఇది మనిషి పన్ను గదవ్వా. ఎవలు కొరికిన్రు?"

కొమురవ్వ దాని మీది తంబాకు గారను ఆనవాలు వట్టింది, మొండయ్యదే. పన్ను తీసి అరచేతుల వెట్టుకుంది.

ఇంకా ఎచ్చగనే ఉన్నది.