కంచు హంసల మంత్రం

సముద్రం ఒడ్డున ఉన్న లవణపురిలో ఎక్కడ తవ్వినా ఉప్పునీరే. అక్కడి జనానికి మంచినీళ్లు ఇచ్చేవి కంచు హంసలు. ఉప్పునీరు తాగి ముక్కులోంచి తియ్యటి నీరు పోసేవి. వాటిని చేసి ఇచ్చిన మాంత్రికుడు కరాళకేతు. ఆ ఎండాకాలం అవి ఒక్కొక్కటే ఆగిపోసాగాయి. "సింహాసనం నాకిస్తే బాగుచేస్తాను" అని కబురు పెట్టాడు మాంత్రికుడు. సంతానం లేని ముసలి రాజు, పాపం, ఏడు రోజులు గడువు అడిగాడు.

కంచరి వీరాచారి కూతురు కేతకి. తల్లి జ్వరంతో పడి ఉంది; ఆమె పెదాలు తడపడానికి చెంబు అడుగున నాలుగు గుక్కలే మిగిలాయి. కేతకికి ఏడుపూ కోపమూ ముంచుకొచ్చాయి. ఇంట్లోని హంస కడుపు విప్పి చూసింది. మరలన్నీ భేషుగ్గా ఉన్నాయి. చెడింది మంత్రమే! రెక్క లోపల, ఆ మంత్రం ఎవరిదో తెలిపే శాలంకముని ముద్ర కనిపించింది. ఊళ్లో ఇంకా ఆగని హంసల దగ్గర గుక్కెడు నీళ్లు తెచ్చి తల్లికి పట్టమని తండ్రికి చెప్పి, హంసను వీపున కట్టుకుని, ముని ఉండే అడవికి బయలుదేరింది.

నది దగ్గర జలరాక్షసి అడ్డుపడింది. "ఏమే పిల్లా, ఆ బరువు నాకిచ్చెయ్. చిటికెలో అవతలి ఒడ్డు చేరుస్తా."

"చచ్చినా ఇవ్వను," అంటూ కేతకి మెడలోతు నీళ్లలో దిగింది. రాక్షసి కాలు పట్టి లాగితే, నడుముకు దోపుకున్న సుత్తితో దాని వేళ్ల మీద ఒక్కటిచ్చి గట్టెక్కింది.

ఆశ్రమం ముందు రాతిసింహం గర్జించింది. "ఆ హంస ఎవరిది?"

"మాది."

"చేసినవాడిది కాదా?"

"మాకిచ్చాక మాదే. కాకపోతే ఇచ్చినట్టెలా అవుతుంది?"

సింహం పక్కకు జరిగింది. కేతకి లోపలికి వెళ్లి ముని ముందు హంసను పెట్టి, జరిగిందంతా చెప్పింది.

"మంత్రం నాదే తల్లీ," అన్నాడు ముని. "ఒక్క షరతు మీద ఊరికే ఇచ్చాను. దానితో చేసిన వస్తువు ఎవరి చేతికి వెళ్తే, వాళ్లు అడగ్గానే మంత్రమంతా చెప్పాలి. కరాళకేతు దానికి తన మాటలేవో కలిపి దాచేశాడు. అవి నాకూ తెలియవు, తెలియనిదే హంసలు బాగుపడవు. హంసను పట్టుకుని అతణ్ణి మూడుసార్లు అడుగు. మూడోసారీ కాదంటే మంత్రం నశిస్తుంది, హంసలన్నీ దానితోపాటే."

కేతకి హంసను మళ్లీ వీపున బిగించుకుంది.

ఏడో నాటి మధ్యాహ్నం పడవలో సముద్రం మధ్యనున్న మాంత్రికుడి కోటకు చేరింది. "మంత్రం చెప్పు."

"కంచరిదానివి, నీకెందుకే మంత్రం?" అని నవ్వాడతడు. కోటలోని హంసల్లో సగం ఆగిపోయాయి.

"మంత్రం చెప్పు."

"చెప్పను, పో!" ఒక్క హంస తప్ప అన్నీ ఆగాయి. మాంత్రికుడి ముఖం పాలిపోయింది. "మళ్లీ అడిగావంటే మీ అమ్మ దాహంతో చస్తుంది!"

తల్లి ఎండిన పెదాలు కళ్లముందు మెదిలాయి. "అడగకపోయినా చస్తుంది. అప్పుడు నువ్వొక్కడివే చల్లగా తాగుతుంటావు. మంత్రం చెప్పు."

కరాళకేతు చుట్టూ చూశాడు. ఎటు చూసినా ఉప్పునీరే. నాలుక అంగిలికి అంటుకుపోయింది. "చెప్తాను, చెప్తానే!" అని మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పాడు. అతడు కలిపినది ఒక్కటే మాట: ఎండలు ముదరగానే ఆగిపో.

కేతకి ఆ మాట తీసేసి మంత్రం చదివింది. వీపుమీది హంస నీళ్లు కార్చింది. సాయంత్రానికల్లా ఇంటికి చేరి తల్లికి కడుపారా తాగించింది. ఆమె మంత్రం చదవగానే ఊళ్లోని హంసలన్నీ మళ్లీ నీళ్లు పోశాయి.

రాజు పొంగిపోయాడు. "మంత్రాన్ని ఖజానాలో దాచండి. ఇక పొరుగు రాజులు మన కాళ్ల దగ్గరికి రావాల్సిందే!"

"హంసనిచ్చినవాళ్లకు మంత్రమూ ఇవ్వాలి మహారాజా," అంది కేతకి. "దాచామంటే, రేపు ఏ పొరుగూరి పిల్లో దాహంతో వచ్చి మనల్ని మూడుసార్లు అడుగుతుంది."

రాజు సిగ్గుతో తల వంచుకున్నాడు. మంత్రాన్ని రేవులోని బండమీద చెక్కించి, కేతకినే తన వారసురాలిగా ప్రకటించాడు. ఆమె ఏలిన కాలంలో హంస ఆగిందంటే, జనం ఏ మాంత్రికుడికీ కబురు పెట్టలేదు. సుత్తీ పటకారూ తెచ్చుకుని తామే బాగుచేసుకోడానికి కూర్చున్నారు.