వెనక సీటుకు వినపడేలా

"బ్రేక్! బ్రేక్! బ్రేకండీ బాబూ!"

ఆ కేకకి పార్కు బెంచీ మీద కునుకు తీస్తున్న పెద్దాయన కూడా లేచి కూర్చున్నాడు. స్టీరింగ్ పట్టుకున్నవాడికి మాత్రం వినపడలేదు. పక్క సీట్లో కూర్చుని డ్రైవింగ్ నేర్పుతున్న ఆమె తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు తొక్కేలోపే కారు వెళ్లి రోడ్డు పక్కనున్న చెత్తడబ్బాని పడేసింది. దాని మూత దొర్లుకుంటూ వెళ్లి పెద్దాయన బెంచీ దగ్గర ఆగింది.

ఆమె ఇంజిన్ ఆపి అతని వైపు తిరిగింది.

"మీకు చెవులు పనిచేస్తాయా అండీ?"

"బాగా పనిచేస్తాయండీ. ఆస్పత్రిలో చెవుల పరీక్ష చేసేది నేనే," అన్నాడతను, మూత వైపు దిగులుగా చూస్తూ.

"మరి నేనిక్కడ గొంతు చించుకుంటుంటే?"

"మీరు అరుస్తున్నారని తెలిసింది. ఏమని అరుస్తున్నారో తెలియలేదు. ఈ కారు మీకంటే గట్టిగా అరుస్తోంది."

"నన్ను ఎన్నయినా అనండి. నా కారునంటే దింపేస్తాను."

"దింపేస్తే నయమేనండీ, కాళ్లు వణుకుతున్నాయి."

ఆమెకి నవ్వు రాబోయింది. బలవంతాన ఆపుకుని కారు దిగింది. అతనూ దిగాడు. ఇద్దరూ వంగి చెత్త ఏరి డబ్బాలో వేశారు. వాళ్ల మొదటి క్లాసు అలా ముగిసింది.

ఆ పేటలో ఆమెని అందరూ హారన్ మేడమ్ అంటారు. ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు, ఆ కారు ఇచ్చింది. తలుపుల రేకులు గణగణలాడతాయి. నేల కిందనుంచి టైర్ల హోరు పైకి తంతుంది. మూడో గేరు పడిందంటే డాష్‌బోర్డు పళ్లు పటపటా కొరుకుతుంది. ఇన్నిటిని దాటుకుని పక్క సీటుకి మాట చేరాలంటే అరవక ఏం చేస్తుంది? అది అమ్మ పెట్టిన డ్రైవింగ్ స్కూలు. అమ్మా అదే కారులో అరిచి అరిచి ఊళ్లో సగం మందికి స్టీరింగ్ పట్టించింది. మోకాళ్లు మొరాయించాక తన సీటు కూతురికిచ్చింది. ఆఫీసు మాత్రం కొడుకు చూసుకుంటున్నాడు.

ఈ అన్నయ్య చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పోట్లాట సులువయ్యేది. చెల్లెలి మంచి చెల్లెలికంటే తనకే బాగా తెలుసని గట్టిగా నమ్మే రకం, అదీ వచ్చిన చిక్కు.

ఆ సాయంత్రం ఆఫీసు తాళం వేస్తూ ఆ అన్నయ్యే కబురు చెప్పాడు. "ఆ ముసలి కారుని అమ్మేస్తున్నా. కొత్త కారొస్తుంది. దానికో ఇన్‌స్ట్రక్టర్‌ని కూడా మాట్లాడాను. నువ్వు హాయిగా టేబుల్ దగ్గర కూర్చుని ఫోన్లెత్తు."

"హాయిగా ఎవరికి?"

"నీ మంచికే చెప్తున్నా. ఇవాళ నేర్చుకోడానికొచ్చినాయన కూడా అన్నాడు, ఆ కారులో మీ చెల్లెలి చెవులు పాడైపోతాయని."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. చెత్త ఏరేటప్పుడు ఎంత అమాయకంగా ఉన్నాడు! చల్లగా వెళ్లి చాడీ చెప్పాడన్నమాట!

"చప్పుడు పోతే కారు ఉంచుతావా?" అంది.

"ఆ డబ్బాకి చప్పుడు తగ్గించాలంటే కార్ల షాపువాడు చెప్పిన ఖర్చుతో ఇంకో డబ్బా వస్తుంది."

"షాపువాణ్ణి ఎవరడిగారు? నేను చేస్తా."

అన్నయ్య నవ్వాడు. ఆ నవ్వు నవ్వకుండా ఉండాల్సింది.

"సరే, ఆదివారం నేను వెనక సీట్లో కూర్చుంటా," అన్నాడు. "ఎవరైనా స్టూడెంట్ నడపాలి, నువ్వు పక్కన కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడాలి. రింగురోడ్డు మీద, నాలుగో గేరులో. నువ్వన్న ప్రతి మాటా నాకు వినపడితే కారు ఉంటుంది, సీటు నీదే. లేదంటే సోమవారం నుంచి టేబుల్."

"ప్రతి మాటా?"

"ప్రతి మాటా. మాట తప్పను."

మర్నాడు ఆమె తిన్నగా ఆస్పత్రికి వెళ్లింది. అతను ఎవరికో చెవుల పరీక్ష పూర్తిచేసి, మందపాటి తలుపు తోసుకుని గదిలోంచి బయటికొస్తున్నాడు.

"నా పొట్ట కొట్టడానికి మీకెంత ధైర్యం?"

వరండాలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. చెవుల పరీక్షకొచ్చినవాళ్లు కూడా చూశారు. విషయం విని అతని మొహం పాలిపోయింది.

"అయ్యో! కారు బాగుచేయించండి అన్నానండీ, మిమ్మల్ని దింపెయ్యమనలేదు. రోజూ ఆ హోరులో కూర్చుంటే కొన్నాళ్లకి మీకే వినికిడి తగ్గుతుంది. ఆ మాట మీకే చెప్దామనుకున్నా. మీరేమో కారునంటే దింపేస్తానన్నారు. అందుకని మీ అన్నయ్యకి చెప్పా."

"ఇంకోసారి నా సంగతి నాకే చెప్పండి."

"అలాగేనండీ. ఇప్పుడేం చెయ్యమంటారు?"

"మధ్యాహ్నం ఖాళీగా ఉంటే రండి. చేతులు మురికవుతాయి."

వచ్చాడు. పాత చొక్కా వేసుకుని మరీ వచ్చాడు.

ఇంటి వెనక షెడ్డులో సీట్లు విప్పేశారు, తలుపుల లోపలి అట్టలు ఊడదీశారు. అతను కళ్లు మూసుకుని రేకు మీద వేలితో కొడుతూ పోయాడు. టంగ్‌మన్నచోట సుద్దముక్కతో గీత పెట్టాడు.

"పూజారిలా కళ్లు మూసుకోవాలా?" అంది ఆమె.

"తెరిస్తే మీరు కనపడతారు. ధ్యాస తప్పుతుంది."

"రేకు మీద పెట్టండి ధ్యాస."

చప్పుడు ఆపడానికి కార్ల షాపులో దొరికే ఖరీదైన షీట్ల జోలికి పోలేదు. ఇంటి కప్పు కారితే అంటించే తారు టేపు కొన్నారు. పైన వెండి కాగితంలా మెరుస్తుంది, కింద జిగటగా నల్లగా ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, రేకు మధ్యలో అంటించి, గాజు సీసాతో గట్టిగా ఒత్తారు. అంతవరకూ టంగ్‌మన్న రేకు డబ్‌మని ఊరుకుంది. ఆమె నమ్మలేక మళ్లీ కొట్టింది. మళ్లీ డబ్. "నోరు మూసుకుందండీ!" అని గంతేసింది. ఎవరైనా నోరు మూసుకున్నందుకు ఆమె అంత సంతోషించడం ఇంట్లో ఎవరూ చూడలేదు.

నేల మీద పాత వ్యాయామపు చాపలు కత్తిరించి పరిచారు. తలుపుల అంచులకి కిటికీల షాపులో దొరికే స్పాంజి పట్టీ అంటించారు. వెనక చక్రాల గూళ్లకి రెండు పొరలు వేయాల్సిందేనని ఆమె పట్టుబట్టింది. మూడో గేరులో ఏ మూల ఏం మోగుతుందో ఆమెకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

తలుపు అడుగున సన్నటి కన్నాలు కనపడితే, "ఇవెందుకున్నాయో?" అంది.

"ఎందుకున్నా మూసెయ్యాలి. మా పరీక్ష గదిలో సూది బెజ్జమంత సందున్నా చప్పుడు దూరుతుంది," అని అతను ఒక్కటీ వదలకుండా టేపు వేశాడు. చాలా శుభ్రంగా వేశాడు.

వంగి లేస్తుంటే ఆమె జడ కొస తారుకి అతుక్కుంది. కదలలేదు, తిట్టలేదు. అతను ఒక్కొక్క వెంట్రుకా విడదీస్తూ కూర్చున్నాడు. కత్తెర పక్కనే ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ దాని ఊసెత్తలేదు.

శనివారం పని పూర్తయ్యేసరికి వాన పట్టుకుంది. సీట్లు బిగించి, తలుపులేసుకుని లోపల కూర్చున్నారు. షెడ్డు కప్పు సగం వరకే ఉంది, కారు వెనక తలుపుల దాకా వానలో తడుస్తోంది. కానీ ఆ వాన ఎక్కడో పక్కవీధిలో పడుతున్నట్టుంది.

"ఇప్పుడు మీరు అరవక్కర్లేదు," అన్నాడతను.

"అలవాటు తప్పిపోయింది. మామూలుగా ఎలా మాట్లాడాలి?"

"ఇలాగే. ఇప్పుడు మాట్లాడారుగా."

ఆమె తన గొంతు తనే విని సిగ్గుపడింది. అతను ఏదో చెప్పబోయాడు. ఇంతలో గొడుగు కింద అన్నయ్య ప్రత్యక్షమై అద్దం మీద కొట్టాడు. అతను వెళ్లిపోయాక చెల్లెలికి ఉపదేశం మొదలైంది.

"ఆ చెవులాయనతో ఇక మాటలు కట్టిపెట్టు. పెళ్లి కావాల్సినదానివి. నీకు ఎవరు తగినవాళ్లో నేను చూస్తా."

"కారు నువ్వే చూస్తావు, ఉద్యోగం నువ్వే చూస్తావు, మొగుణ్ణీ నువ్వే చూస్తావు. దేవుడు నాకు కళ్లెందుకిచ్చినట్టు?"

"రేపటి పరీక్ష సంగతి చూసుకో ముందు."

ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. ఆ సీటు పోతే తనకేం మిగులుతుంది? ఫోను, కుర్చీ, అన్నయ్య చూసిపెట్టిన బతుకు. అతనంటే ఇష్టమని కూడా ఆ రాత్రే ఒప్పుకుంది. తనతో తనే ఒప్పుకుంది గనక ఎవరూ నవ్వలేదు.

ఆదివారం అమ్మ కూడా వస్తానంది. మోకాళ్లు పట్టుకుని వెనక సీట్లో సర్దుకుంది. రోజూ పొద్దున్నే క్లాసు తీసుకుని నాలుగో గేరు దాకా నేర్పిన అతన్నే కూతురు స్టీరింగ్ ముందు కూర్చోబెట్టింది. అన్నయ్య తలుపు లాగాడు.

గుడగుడగుడ.

"ఏమిటది?" అన్నాడు. తలుపు తెరిచి మళ్లీ లాగాడు. గుడగుడగుడ. కారు తలుపు నిండు బిందెలా తొణికింది. అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "చప్పుడు తగ్గించమంటే చెరువు తవ్వావా చెల్లీ?"

స్టీరింగ్ ముందున్న అతను వెనక్కి తిరిగాడు. "ఆ కన్నాలు..." అన్నాడు. "అద్దం పక్కనుంచి దిగిన వాన నీళ్లు పోవడానికి ఉన్నాయి కాబోలు. నేనే మూసేశా. తప్పు నాదేనండీ, కారుది కాదు, ఆవిడది అసలే కాదు."

"ఇంకేం, పరీక్ష అయిపోయింది," అన్నాడు అన్నయ్య, దిగబోతూ.

"కారు కదలకుండా పరీక్ష ఎలా అవుతుంది?"

ఆమె అప్పటికే కిందకి దిగి అన్నయ్య తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. అడుగునున్న టేపు గోళ్లతో పట్టి ఒక్క లాగు లాగింది. జలజలమని నీళ్లొచ్చి సరాసరి అన్నయ్య బూట్లలోకి వెళ్లాయి. ఒక్కొక్క తలుపు దగ్గరికీ వెళ్లి అన్నీ పీకేసింది. చేతులు తారు, మోకాళ్లు బురద. ఆ అవతారంతోనే వచ్చి తన సీట్లో కూర్చుంది.

"పోనివ్వండి," అంది అతనితో.

"మేడమ్, నావల్ల..."

"క్షమాపణలు తర్వాత. ముందు క్లచ్."

వీధులు దాటారు. రింగురోడ్డెక్కారు. రెండో గేరు, మూడో గేరు. డాష్‌బోర్డు నోరెత్తలేదు. నాలుగో గేరు పడింది. టైర్ల హోరు ఎక్కడో అడుగున సన్నగా ఉంది, అంతే. అమ్మ ముందుకి వంగి సీటు నిమిరింది. అన్నయ్య తడి బూట్లతో, బిగదీసుకుని కూర్చున్నాడు.

"అద్దం చూసుకోండి," అంది ఆమె మామూలు గొంతుతో. "లారీ వెళ్లనివ్వండి. ఎడమ ఇండికేటర్ వెయ్యండి."

"విన్నావా?" అని అమ్మ కొడుకుని పొడిచింది.

"ఇలాంటివి ఎవరైనా ఊహించగలరు," అన్నాడు అన్నయ్య. "రోజూ అనే మాటలేగా. వినపడినట్టా, తెలిసినట్టా?"

ఆమెకి అర్థమైంది. ఏం చెప్పినా ఇదే అంటాడు. ఊహించలేని మాట కావాలి. ఆ మాట నిన్నటి రాత్రి నుంచి నాలుక చివరే ఉంది. చెప్తే అన్నయ్య గొడవ చేస్తాడు. చెయ్యనీ. గొడవ చెయ్యాలంటే ముందు విన్నట్టు ఒప్పుకోవాలి కదా!

ఆమె వెనక్కి చూడలేదు. గొంతు పెంచలేదు సరికదా, ఇంకాస్త తగ్గించింది.

"ఎడమ పక్కకి తీసుకోండి. మెల్లగా. మీరంటే నాకిష్టం. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

కారు రోడ్డు పక్కకి చేరి, రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. క్లచ్ తొక్కడం మర్చిపోయాడు పాపం.

"ఏమన్నావ్?" అన్నయ్య సీట్లోంచి లేవబోయి తల కప్పుకి కొట్టుకున్నాడు.

"వినపడలేదా?"

"వినపడకపోవడమేమిటి! ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినపడింది! ఇష్టమట, పెళ్లట!"

"అయితే కారు ఉంటుంది," అంది ఆమె, అప్పుడు తిరిగి చూస్తూ. "సీటూ నాదే."

అన్నయ్య తల రుద్దుకున్నాడు. "అది వేరు, ఇది వేరు," అన్నాడు నీరసంగా.

"ప్రతి మాటా అన్నావు. ఈ మాట తప్ప అనలేదు."

"మాట తప్పనన్నావురా," అంది అమ్మ. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా కళ్లు తుడుచుకుంటోంది. "పదేళ్ల నుంచి ఈ పిల్ల మామూలు గొంతు నేను వినలేదు. ఇంత బాగుంటుందని మర్చేపోయాను. దిగు, నడిచిపోదాం."

"నీ మోకాళ్లు..."

"నీ భుజముందిగా. దిగమన్నానా!"

తలుపు డబ్‌మని మూసుకుంది. తడి బూట్ల అడుగులు మెల్లగా దూరమయ్యాయి. అతను ఇంకా స్టీరింగ్ వదల్లేదు.

"మళ్లీ ఒకసారి చెప్తారా?" అన్నాడు.

"ఏం, మీకు కూడా వినపడలేదా?"

"వినపడింది. మా ఆస్పత్రిలో ఎవరైనా సరిగ్గా విన్నారో లేదో తెలియాలంటే రెండోసారి వినిపించాలి."

"జవాబు చెప్పకుండా తప్పించుకుంటున్నారా?"

"చేసుకుంటానండీ," అన్నాడతను. ఆ ఒక్క మాటా ఎంత గట్టిగా అన్నాడంటే, రోడ్డు మీద చాలా దూరం వెళ్లిపోయిన అన్నయ్య కూడా ఆగి వెనక్కి తిరిగి చూశాడు.