ఆవిడ పెట్టిన ఇనుప బిళ్ల

"ఇది ఎవరు చేశారు?"

వ్యాన్ కింద నుంచి వచ్చిన మెకానిక్ అమ్మాయి గొంతు విని, కళ్లజోళ్లు అమ్మే అతను బల్ల మీంచి లేచాడు.

"ఏది?"

"ఇంజన్ కూర్చునే రబ్బరు మౌంటింగ్ కింద ఈ ఇనుప బిళ్ల."

"అదా. పోయిన నెల దారిలో ఇంజన్ ఒకటే గుయ్యిమని మోగుతుంటే ఒకావిడకి చూపించాను. ఆవిడా మెకానిక్కే. గంటలో తగ్గించేసింది. మంచి పనిమంతురాలు."

వ్యాన్ కింద పానా ఠంగుమని నేల మీద పడింది.

రెండేళ్లుగా మూడు నెలలకోసారి ఆ పాత క్యాంపర్ వ్యాన్ ఈ షెడ్డుకే వస్తోంది. లోపల ఒక మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, గోడల నిండా కళ్లద్దాల ఫ్రేములు. అందులోనే ఉంటూ ఊరూరా తిరిగి అద్దాలు అమ్ముకుంటాడతను. ఆ బండిలో ప్రతి నట్టూ ఆమెకు తెలుసు. అతను టీలో చక్కెర ఎంత వేసుకుంటాడో తెలుసు. అతను వెళ్లిపోయిన రోజున షెడ్డు ఎంత పెద్దదైపోతుందో కూడా తెలుసు. ఇన్నాళ్లలో ఆమెను పనిమంతురాలు అన్న పాపాన మాత్రం అతను పోలేదు.

"వయసెంతుంటుంది ఆవిడకి?"

"బిళ్లకీ వయసుకీ సంబంధం ఏంటండీ?"

"అనుభవం ఎంతో తెలుస్తుందని."

"మీ అంతే ఉంటుంది."

మూల కుర్చీలో కూర్చున్న ఆమె నాన్న పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు. నవ్వు కనపడకుండా.

"కొత్త మౌంటింగ్ వేస్తే ఇలాంటి అతుకులతో పనిలేదు" అంటూ ఆమె బిళ్ల ఊడబీకి పక్కకు విసిరేసింది. మౌంటింగ్ మార్చింది. పూర్తిగా చచ్చిపోయిన వెనక షాక్ అబ్జార్బర్లు తీసి కొత్తవి బిగించింది. కమాన్లకు బుష్‌లు వేసింది. ఇంత పాడైపోయిన బండిని నెల రోజులు ఎలా నడిపాడో అనుకుంది.

తాళం తిప్పగానే వ్యాన్ గుయ్యిమని మోగింది. పొయ్యి మీద గిన్నెలు కూడా వంత పాడాయి.

బెల్టు చూసింది. ఫ్యాను చూసింది. మధ్యాహ్నం దాటినా మోత ఎక్కడిదో దొరకలేదు.

"రేపు పొద్దున్నే బయల్దేరాలి. ఆవిడకి ఫోన్ చేయనా? నంబరుంది" అన్నాడతను, భయపడుతూనే.

"ఉంటుందిలెండి. ఎందుకుండదు."

నాన్న పేపరు మడిచాడు. "అమ్మడూ, ఎవరో పెట్టినదాన్ని ఎందుకు పెట్టారో తెలుసుకోకుండా తీశావు. ఇప్పుడు బండిని కోప్పడితే అది చెప్తుందా?"

ఆమె మొహం ముడుచుకునే నంబరు తీసుకుంది. షెడ్డు వెనక్కి వెళ్లి ఫోన్ చేసింది.

"బిళ్ల తీసేశారా?" అంది అవతలి గొంతు. "నీళ్ల ట్యాంకుకి ఈమధ్య ఎవరో వేసిన పొడుగు బోల్టులు కిందికి పొడుచుకొచ్చాయి కదండీ. ఇంజన్ ఒక్క పిసరు దిగినా సైలెన్సర్ గొట్టం వాటికి తగులుతుంది. మౌంటింగ్ కొత్తదైనా బిళ్ల ఉండాల్సిందే."

"నేను చూసుకోలేదు. పొరపాటు నాదే." ఆ రెండు మాటలూ గొంతు దాటేసరికి చేదు మందు మింగినట్టయింది.

"అయితే మీరేనా ఆవిడ?"

"ఏ ఆవిడ?"

"ఎలాగూ జాకీ ఎక్కించాను కదా, షాకులు కూడా మార్చేస్తానంటే చెయ్యి వేయనివ్వలేదండీ ఆ మనిషి. అది ఆవిడ పని, ఆవిడే చేయాలన్నాడు. నెల రోజులు తిరిగితే నడుము పడిపోతుందంటే వినడే. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. ఎవరా మహాతల్లి అనుకున్నాను."

మహాతల్లి థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది.

తిరిగొచ్చి బిళ్ల వెతికి, తుడిచి, దాని చోట బిగించింది. ఈసారి ఇంజన్ బుద్ధిగా తిరిగింది.

"నెలంతా నడుము విరగ్గొట్టుకున్నారట. ఎందుకు?"

అతను కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "చెప్పేసిందా?"

"మీరు చెప్పాల్సింది కూడా ఆవిడే చెప్పింది."

"అన్నీ దారిలోనే బాగైపోతే, ఇక్కడికి ఏమని రావాలండీ?"

"బండి బాగుంటే రాకూడదని ఎవరన్నారు?"

"రావచ్చా?"

ఆమె చేతుల గ్రీజు తుడుచుకుంటూనే ఉంది. చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి.

"ఆ ముక్క అడగాల్సింది నన్ను బాబూ" అన్నాడు నాన్న. "ఇప్పుడే అడుగు. మూడు నెలలాగి వచ్చి అడుగుతానంటే మా అమ్మాయి అప్పటిదాకా నన్ను బతకనివ్వదు."

అతను పిల్లనివ్వమని అడిగాడు. నాన్న ఒప్పుకోవడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

"అన్నట్టు, ఆ నంబరు మీ ఫోన్లోంచి తీసేయండి" అందామె.

"మరి దారిలో బండి మొరాయిస్తే?"

"నాకు చేయండి. ఆవిడకి నేను చేస్తాను."