బూడిద చందమామ మీద ఫైసలా

"నా కెప్టెన్ ఏదీ?"

మార్కండేయ తలెత్తి చూశాడు. కౌంటర్ ముందు రాధాకుమారి. భుజాన కాలేజీ బ్యాగు, జడలో కనకాంబరాలు, కళ్ళల్లో నిప్పులు!

డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్ల. కాలేజీ వదిలాక బోధన్ బస్సు వచ్చేదాకా, నిజామాబాద్ బస్టాండు ఎదురుగా ఉన్న భోజన్న గేమ్ సెంటర్‌లో మూల సిస్టమ్ దగ్గర కూర్చుని 'సిల్వర్ ఆర్బిట్' ఆడుకుంటుంది. ఎవరితోనూ మాట్లాడకుండా తన ఊరు ఎడపల్లి వెళ్ళిపోతుంది. ఆ సెంటర్‌ను చూసుకునే మార్కండేయ ఆమె తనతో ఒక్క మాటైనా మాట్లాడాలని కోరుకోని రోజు లేదు. ఇవాళ మాట్లాడింది. కానీ ఇలాగా!

"ఏ కెప్టెన్ మేడమ్?"

"అంతరిక్షంలో ఓడ నడిపే నా కెప్టెన్. దసరా నుంచి ఆడుతున్నాను. ఇవాళ చూస్తే ఆడినంతా దాచిన నా సేవ్ లేదు. ఎవరు తీసేశారండీ?"

తీసింది మార్కండేయే. సిల్వర్ ఆర్బిట్‌కి 'యాష్ మూన్' అని కొత్త ఎక్స్‌పాన్షన్ వచ్చింది. బూడిద రంగు చందమామ మీద జరిగే అదనపు కథ. సీడీ చేతికి రాగానే సంబరం పట్టలేక, మూల సిస్టమ్ హార్డ్ డిస్క్‌లో జాగా చాలదని అందులోని పాత ఫైళ్ళన్నీ ఊడ్చేశాడు.

"గదీ... కొత్తది ఎక్కిచ్చేటప్పుడు జాగ సాల్లేదు మేడమ్. కానీ యాష్ మూన్ ఎంత మస్తుందో తెల్సా! గా తలుపు మీద సూడు, నెట్లకెల్లి రివ్యూలు తీసి అంటిచ్చిన. అందరు పదికి తొమ్మిది ఇచ్చిండ్రు!"

"తొంభై ఇచ్చుకోనివ్వండి. నా కెప్టెన్ నాక్కావాలి."

"మల్ల మొదటికెల్లి ఆడితే..."

"ఎప్పుడాడమంటారు? నెలాఖరుకి నా పరీక్షలైపోతాయి. ఆ తర్వాత నాన్న ఊరు దాటనివ్వరు."

నెలాఖరు! మార్కండేయకు ఆ లెక్కే తట్టలేదు. ఆమె ఎప్పటికీ ప్రతిరోజూ వస్తూనే ఉంటుందన్నట్టు బతికాడు పిచ్చి నాయన. ఇప్పుడు ఆమె వెళ్ళిపోతోంది, అదీ తన మీద కోపంతో.

"నేను ఆడి పెడ్త" అనేశాడు. "నీ కెప్టెన్‌ను మల్ల నిలవెడ్త."

"మీరాడితే మీ కెప్టెనవుతాడు. అందులో ప్రతి చోటా ఏం చేయాలో మనమే ఎంచుకోవాలి కదా!"

"నువ్వేమేం ఎంచుకున్నవో చెప్పు. గట్లనే చేస్త. ఒక్కటి గూడ తప్పిపోనియ్య."

ఆమె అనుమానంగా చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని కౌంటర్ ఎదురుగా కూర్చుంది.

అలా మొదలైంది. పొద్దున్నే షట్టర్ ఎత్తి, పిల్లలు రాకముందే మార్కండేయ ఆమె కెప్టెన్‌ను నడిపేవాడు. ఎక్కడ ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే అక్కడ ఆపేసేవాడు. మధ్యాహ్నం ఆమె వచ్చి చెప్పేది.

"గని కూలీల ఓడ సెడిపోయింది. వాళ్ళు ఆకలితోని ఉన్నరు. నీ తాన తిండి ఉన్నది. ఏం జేసినవ్?"

"ఇచ్చేశాను."

"సగమా?"

"మొత్తం. మా ఓడలో వాళ్ళు నన్ను తెగ తిట్టారు. అయినా ఇచ్చాను. మీరేం చేశారు?"

మార్కండేయ మౌస్ వైపు చూస్తూ గొణిగాడు. "నేను వాళ్ళనే దోసుకున్న."

"అనుకున్నాను. మొహం చూస్తేనే తెలుస్తోంది."

"ఏ, గట్లనకు! గేమ్‌ల దోసుకున్నగానీ బయట ఇడ్లీ గూడ సగం ఇస్త."

ఆమె మొదటిసారి నవ్వింది. మార్కండేయకు ఆ పూట కరెంటు పోయినా తెలియలేదు.

"మరి లొంగిపోయిన దొంగల నాయకున్ని?"

"క్షమించాను. కానీ ముందు బాగా తిట్టాను."

"తిట్టే ఆప్షన్ యాడుంది?"

"లేదు. నేనే స్క్రీన్‌ని తిట్టాను. పక్క సిస్టమ్ కుర్రాడు లేచిపోయాడు."

ఆమె నోట 'మీరు' కాస్తా 'నువ్వు' ఎప్పుడైందో ఇద్దరికీ తెలియదు. ఇంట్లో బీడీలు చుడుతున్న సుమిత్రమ్మకు మాత్రం కొడుకు వాలకం తెలిసిపోయింది.

"ఏందిరా, అన్నం తినుకుంట నీలో నువ్వే నవ్వుతున్నవ్?"

"గేమ్ గురించి అవ్వా."

"గేమ్ పేరేంది?"

"రాధా..." అని నాలుక కరుచుకున్నాడు. సుమిత్రమ్మ చేతిలో తునికాకు అలాగే ఉండిపోయింది. ఆపైన ఇల్లంతా వినిపించేలా నవ్వింది.

కెప్టెన్ తయారయ్యాడు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఆ సేవ్‌తోనే యాష్ మూన్ తెరిచారు. బూడిద కొండలు, వాటి వెనుక నీలి వెలుగు, ఒళ్ళు పులకరించే సంగీతం! "సూసినవా? నేను చెప్పలే?" అన్నాడు మార్కండేయ, ఆ చందమామను తనే చేసినట్టు.

దారిలో గని కూలీలు ఎదురొచ్చారు. ఆమె తిండి పెట్టి బతికించినవాళ్ళే. రాధాకుమారి ఆత్రంగా ముందుకు వంగింది. వాళ్ళ నాయకుడు కెప్టెన్‌ను ఎగాదిగా చూసి అడిగాడు: "ఎవరు మీరు?"

రాధాకుమారి మొహం చిన్నబోయింది.

"మర్చిపోయారు" అంది. "నేను పస్తులుండి పెట్టాను. మర్చిపోయారు."

"ముంగట యాదికొస్తదేమో" అన్నాడు. రాలేదు. చివరిదాకా ఆడినా రాలేదు.

"పదికి తొమ్మిదా దీనికి! నేను పాస్ మార్కులు కూడా వేయను. ఆదివారం ఫైసలాలో చెప్తాను."

ఆ సెంటర్‌లో ఫైసలా అని తీర్పు చెప్పే ఆనవాయితీ ఒకటి ఉంది. కొత్త గేమ్ ఏదొచ్చినా ఆదివారం అందరూ చేరాలి. ఒకరు దాని తరఫున, ఒకరు ఎదురుగా వాదించాలి. పాసైతే అన్ని సిస్టమ్‌లలో ఉంటుంది, ఫెయిలైతే సీడీ అల్మారాలోకి పోతుంది. న్యాయమూర్తి భోజన్న. యాష్ మూన్ వకీలు మార్కండేయే అని ఎప్పుడో ఖాయమైపోయింది. ఎదురు వాదించడానికే ఎవరూ దొరకలేదు, ఇన్నాళ్ళూ.

ఆ ఆదివారం సెంటర్ కిక్కిరిసిపోయింది. పరీక్షలు ముందురోజే అయిపోయాయి. ట్రాక్టర్ సామాన్లకు, ఎడపల్లిలో చెరకు పండించే నాన్న చెంచురామయ్య టౌన్‌కు వస్తుంటే ఆయన జీపులో వచ్చింది రాధాకుమారి. ఇదే ఆఖరు రాక. మార్కండేయకు ఫైసలా కన్నా ఆ సంగతే గుండెల్లో దరువేస్తోంది.

ఆమె లేచి చెప్పాల్సింది చెప్పింది. "రంగులు బాగున్నాయి. కాదనను. కానీ మనమెంచుకున్నదేదీ లెక్కలోకి రాకపోతే, ఇక ఎంచుకోమని అడగడం దేనికండీ?"

కుర్రాళ్ళు గోలగోల చేశారు. "మార్కండన్నా, నువ్వు చెప్పన్నా!"

మార్కండేయ లేచాడు. రెండు సిస్టమ్‌లు ఆన్ చేశాడు. ఒకదాంట్లో కూలీలను దోచుకున్న తన కెప్టెన్, ఇంకోదాంట్లో తిండి పెట్టిన ఆమె కెప్టెన్. రెండు తెరల మీదా కూలీల నాయకుడు ఒకేలా చూశాడు, ఒకేలా అడిగాడు: "ఎవరు మీరు?"

"అరే!" అన్నారు వెనక నుంచి. తర్వాత ఒకడు ఈల వేశాడు. "పొల్ల కోసం పల్టీ కొట్టిండు రోయ్!"

"పల్టీ గిల్టీ ఏం లేదు" అన్నాడు మార్కండేయ. మొహం ఎర్రబడింది. "నాకు గిప్పటికీ ఇష్టమే. గా చందమామను సూస్తే పానం లేసొస్తది. గానీ ఈమె చేసిన మేలు గేమ్‌కు యాదిలేదు. గది తప్పు. తొమ్మిది ఇచ్చినోళ్ళకు గిది కనవడలే." ఒక్క క్షణం ఆగాడు. "నాకైతే అన్నీ యాదున్నయ్. ఈమె ఏడ ఆగింది, ఎవరిని ఇడిసిపెట్టింది, ఎవరిని తిట్టింది... ఒక్కటి మరువలే."

రాధాకుమారి చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కిందికి చూస్తోంది.

భోజన్న గొంతు సవరించుకున్నాడు. "యాష్ మూన్ ఫెయిల్. ఇంక అందరు బయటికి నడువుండ్రి. గాలాడ్తలేదు ఈడ."

బయట ఎండాకాలపు వాన దంచికొడుతోంది. షట్టర్ కింద ఇద్దరే మిగిలారు. అందరినీ పక్క హోటల్లోకి తోలుకెళ్ళిన భోజన్నకు దండం పెట్టాలి.

"రాధా, నువ్వంటే నాకు శానా ఇష్టం" అన్నాడు మార్కండేయ గబగబా. "మా ఇల్లు వేరు, మీ ఇల్లు వేరు. తెల్సు. నన్ను చేసుకుంటవా?"

ఆమె వాన వైపు చూసింది. "చేసుకోను" అంది.

అంతే. అంత చిన్న మాట అంత బరువుంటుందని మార్కండేయకు తెలియదు.

"సరే" అన్నాడు. "అడిగేది నేను, చెప్పేది నువ్వు. నిన్ను సతాయించ." రోడ్డు అవతల జీపు ఆగింది. "మీ నాన్నొచ్చినట్టున్నడు. గీ గొడుగు పట్టుకపో, తడుస్తవ్."

ఆమె గొడుగు తీసుకుంది. కానీ కదల్లేదు. చెంచురామయ్యే తలకు తువ్వాలు కప్పుకుని పరుగున షట్టర్ కిందికొచ్చాడు.

"ఏంటమ్మా, రావా? ఎవరీ అబ్బాయి?"

"మార్కండేయ, నాన్నా. వచ్చే ఆదివారం వాళ్ళమ్మగారిని తీసుకుని మనింటికొస్తాడు. మీతో మాట్లాడాలట."

మార్కండేయ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆమె అతని వైపు వంగి, వాన చప్పుడులో అతనికొక్కడికే వినబడేలా చెప్పింది. "కాదంటే ఏం చేస్తావో చూశాను. గొడుగిచ్చావు. ఇప్పుడు చెప్తున్నా, చేసుకుంటాను."

చెంచురామయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయనేం అమాయకుడు కాదు.

"చెరకు నరకడం వచ్చా నీకు?"

మార్కండేయ ఆమె వైపు చూశాడు. ఆమె సాయం చేయలేదు.

"రాదండి" అన్నాడు.

"వచ్చని అబద్ధం చెప్తాడనుకున్నాను" అన్నాడు చెంచురామయ్య కూతురితో. తువ్వాలు పిండుకుంటూ అతని వైపు తిరిగాడు. "భోజనం వేళకి రండి. మీ అమ్మగారు కారం తింటారా?"

"తింటదండి! మస్తు తింటది!" అని అరిచాడు మార్కండేయ, వానలోకి వచ్చేసి.