పెట్టని బొట్టు

ఏలూరు పవర్‌పేటలో ఒక తివాచీల కొట్టు పైన, మేడగదిలో డిటెక్టివ్ విజయదుర్గ ఆఫీసు ఉంది. అంతకుముందు పదిహేనేళ్ళు ఆమె ఇన్సూరెన్స్ సర్వేయరు. దెబ్బతిన్న బళ్ళ కిందికి దూరి దూరి, మనుషులు చెప్పేదానికంటే ఇనుము చెప్పేదే నయమని తేల్చుకున్న మనిషి. ఆమె సహాయకుడు ఫణికిరణ్‌కు మాత్రం ఆమె ఏం చేసినా అద్భుతమే. టీలో చక్కెర తగ్గించినా అందులో ఏదో కిటుకు ఉందని నోటుబుక్కులో రాసుకునేవాడు.

ఆ బుధవారం ఉదయం వచ్చిన మనిషికి నలభై ఏళ్ళుంటాయి. గడ్డం మాసి ఉంది, నుదురు బోసిగా ఉంది.

"నా పేరు క్రాంతి కుమారండీ. తాడేపల్లిగూడెంలో బళ్ళు బాగుచేసే షెడ్డుందండీ. మా పెదనాన్నగారు పెట్టింది. ఆయన రాయించిన బోర్డు రేపు దింపుకోవాల్సొచ్చేలా ఉందండీ," అన్నాడు.

"ముందు కూర్చోండి. ద్వారకా తిరుమల ప్రసాదం, తీసుకోండి," అంటూ విజయదుర్గ లడ్డు పొట్లం జరిపింది.

అతను చేతులు వెనక్కి లాక్కున్నాడు. "తర్వాత తీసుకుంటానండీ."

పాపం, దిగులుతో ఆకలి కూడా చచ్చిపోయిందనుకున్నాడు ఫణికిరణ్. విజయదుర్గ పొట్లం పక్కన పెట్టి, సంగతి చెప్పమంది.

పెదపాడు దగ్గర చేపల చెరువులున్న శ్రీరంగనాయకులు గారి ఫోర్ వీల్ డ్రైవ్ జీపును ఒక ట్రాక్టరు తొట్టి గుద్దింది. క్రాంతి కుమార్ ముందు బంపరూ, ఎడమ మడ్‌గార్డూ, రేడియేటరూ మార్చాడు. ఎలాగూ విప్పాం కదా అని అరిగిపోయిన నాలుగు షాకబ్జర్లు కూడా తీసేసి కొత్తవి వేశాడు. గతుకుల్లో కుదుపును మింగేసేవి అవే. పాత మోడలు కావడంతో విజయవాడంతా తిరిగితే ఒక్క సెట్టు దొరికింది.

"పోయిన గురువారం బండి ఇచ్చానండీ. సోమవారం నాయకులుగారి అమ్మగారు, అచ్చమ్మగారు, ఏలూరు కంటాసుపత్రికని ఎక్కారు. గట్టు మీద బండి గెంతిన గెంతుకి ఆవిడ తల టాపుకి కొట్టుకుంది. ఒళ్ళో పెట్టుకున్న కోడిగుడ్లు ముప్పయ్యీ పగిలాయండీ. వాళ్ళు కిందికి దూరి చూస్తే ఉన్నవి పాత షాకబ్జర్లు! కొత్తవని చెప్పి పాతవి బిగించానంటున్నారు. రేపు మా మెకానిక్కుల సంఘంలో చెబుతారట. ఆయన మాటంటే కొల్లేరు బళ్ళన్నీ వింటాయండీ. పైగా వాటి మీద మా షెడ్డు గుర్తు కూడా ఉంది."

"ఏం గుర్తు?"

"కొత్త సామాను బిగించే ముందు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడతామండీ. పెదనాన్నగారి నలభై ఏళ్ళ అలవాటు. అందరికీ తెలుసు." అతని తల వాలిపోయింది. "ఇది నీ బొట్టు కాదా అని నాయకులుగారు అడిగితే నా నోట మాట రాలేదండీ."

నువ్వే పెట్టావా అని ఆమె గట్టిగా అడుగుతుందనుకుని ఫణికిరణ్ పెన్ను సిద్ధం చేసుకున్నాడు. ఆమె ఆ ప్రశ్నే వేయలేదు.

"విప్పిన పాత సామాను ఏంచేశారు?"

"గోనెసంచిలో కట్టి బండిలోనే పెట్టానండీ. ఎవరి పాత సామాను వాళ్ళకే ఇచ్చేస్తాం, నమ్మకం కోసం."

"ఆ మోడలు షాకబ్జర్ల కోసం ఇంకెవరైనా వచ్చారా?"

"ఉంగుటూరు నుంచి ఒక డాక్టరుగారూ, నాయకులుగారి మేనల్లుడు గిరిధర్‌గారూ వచ్చారండీ. నెల్లాళ్ళు ఆగమన్నాను."

విజయదుర్గ లేచింది. "పదండి, అచ్చమ్మగారి తల ఎలా ఉందో చూసొద్దాం."

చెరువు గట్టున మేత షెడ్డు ముందు అందరూ కనిపించారు. శ్రీరంగనాయకులు భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. అచ్చమ్మ తలకు తడిగుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చుంది. గిరిధర్ అప్పుడే తన జీపులో వచ్చాడు. అతని భార్య తేజశ్రీ ఏడో నెల కడుపుతో, జామకాయ కొరుక్కుంటూ హాయిగా దిగింది. గిరిధర్ నుదుట ఆంజనేయస్వామి సిందూరం నారింజ రంగులో మెరుస్తోంది.

విజయదుర్గ చీర కుచ్చిళ్ళు దోపుకుని నాయకులు జీపు కిందికి దూరింది. ఫణికిరణ్ టార్చి పట్టాడు. నాలుగు షాకబ్జర్లూ నూనె కారి, దుమ్ము పట్టి ఉన్నాయి. ఒక్కోదాని మీద పసుపు పూత, దాని మధ్య నారింజ రంగు బొట్టు.

"ఇంకేం చూస్తారండీ? బొట్టే చెబుతోంది కదా!" అన్నాడు గిరిధర్.

"చెబుతోంది," అని ఆమె బయటికొచ్చి చేతులు దులుపుకుంది. "నాయకులుగారూ, బండి తెచ్చిన రోజు ఎలా ఉంది?"

"ఆ రోజు పరుపు మీద కూర్చున్నట్టుందండీ. శుక్రవారం అమ్మని తీసుకుని రైల్లో అన్నవరం వెళ్ళాను. ఆదివారం వచ్చాం. సోమవారానికే ఈ గెంతులు! కొత్తవైతే ఒక్కరోజులో పాడవుతాయా?"

"మీరు లేనప్పుడు ఇక్కడ ఎవరున్నారు?"

"చేపలకి మేత వేయించడానికి మా గిరిధర్ వచ్చి వెళ్ళేవాడండీ."

అచ్చమ్మ అందుకుంది. "ఏవమ్మా, ఈ అబ్బాయి నిమ్మకాయలు కూడా తొక్కించలేదు! అడిగితే మర్చిపోయానన్నాడు. వాళ్ళ పెదనాన్న రోజుల్లో నిమ్మకాయ తొక్కకుండా బండి షెడ్డు గుమ్మం దాటేదా?"

క్రాంతి కుమార్ నేల చూపులు చూశాడు.

"మరి బండిలో వచ్చిన గోనెసంచి?" అడిగింది విజయదుర్గ.

అది మేత షెడ్డు మీద టార్పాలిన్ ఎగరకుండా బరువుకు పెట్టి ఉంది. కట్టిన ముడి కట్టినట్టే ఉంది. ఆమె దాన్ని దింపించింది కానీ విప్పించలేదు.

"అచ్చమ్మగారూ, ఎండగా ఉంది. రెండు గ్లాసులు మజ్జిగ ఇప్పిస్తారా? అంచుదాకా పోయించండి."

మజ్జిగ వచ్చింది. విజయదుర్గ తాగలేదు. ఒక గ్లాసు ఫణికిరణ్ చేతికిచ్చి నాయకులు జీపులో ఎక్కించింది. గట్టు చివరిదాకా తనే నడిపి తిరిగొచ్చేసరికి మజ్జిగలో సగం అతని చొక్కా మీద, మిగతా సగం మీసాల మీద ఉంది. అచ్చమ్మ తలనొప్పి మర్చిపోయి నవ్వింది.

"ఇప్పుడు రెండోది. గిరిధర్‌గారూ, మీ జీపు తాళం ఇవ్వండి."

"నాదా? అది వట్టి డొక్కుదండీ, ఉయ్యాల! గ్లాసు కూడా మిగలదు," అన్నాడు గిరిధర్.

తాళం తేజశ్రీ ఇచ్చేసింది. మళ్ళీ విజయదుర్గే నడిపింది. అదే గట్టు, అవే గతుకులు. ఫణికిరణ్ తిరిగొచ్చి గ్లాసు చూపించాడు. అంచు కింద వేలెడు కూడా తగ్గలేదు. అందరూ చుట్టూ మూగారు. విజయదుర్గ మొదలుపెట్టింది.

"ఫణీ, గోనె విప్పు. షాకబ్జర్లు ఎన్నున్నాయి?"

"నాలుగు మేడమ్!"

"ఈ జీపు నుంచి విప్పిన పాతవి నాలుగూ ఇక్కడే, ముడి కూడా విప్పకుండా ఉన్నాయి. మరి జీపు కింద ఉన్న నాలుగు పాతవి ఎక్కడివి? అదే మోడలు ఇంకో జీపువి."

"అతని షెడ్డులో వేరేవాళ్ళ పాత సామాను ఉండదా? బొట్టు మాటేవిటండీ?" అన్నాడు నాయకులు.

"అదే చెబుతున్నా. ఈ బొట్టు క్రాంతి కుమార్ పెట్టలేదు, పెట్టలేడు. ఈయన మైలలో ఉన్నారు. పొద్దున దేవుడి ప్రసాదం ముట్టుకోలేదు. గడ్డం గీసుకోలేదు. నిమ్మకాయలు మర్చిపోయానన్నారు. నలభై ఏళ్ళ అలవాటు ఎవరూ ఊరికే మర్చిపోరు. అవునా?"

క్రాంతి కుమార్ కళ్ళు తుడుచుకున్నాడు. "పెదనాన్నగారు తణుకులో పోయారండీ. ఇవాళ తొమ్మిదో రోజు. బండి ఇచ్చింది మూడో రోజున. అచ్చమ్మగారి ఆసుపత్రి ప్రయాణానికి మాటిచ్చానని పని ఆపలేదు. కానీ బొట్టు పెట్టలేదండీ, పూజ చేయలేదు. మైలలో బండి ముట్టుకున్నానంటే అమ్మగారు బాధపడతారని నోరు మెదపలేకపోయాను."

"ఆ సంగతి తెలియని మనిషి, నేరం ఈయన మీదికి నెట్టడానికి బొట్లు పెట్టాడు," అంది విజయదుర్గ. "అందులోనూ కుంకుమ దొరక్క, తన బండిలో ఉన్న సిందూరం వాడాడు. గిరిధర్‌గారూ, మీ స్టీరింగు ముందున్న డబ్బీ తెమ్మంటారా?"

గిరిధర్ వంగి నాయకులు కాళ్ళు పట్టుకున్నాడు. "తప్పైపోయింది మావయ్యా. తేజకి కుదుపులు తగలకూడదని డాక్టరమ్మ చెప్పింది. సామాను ఎక్కడా దొరకలేదు. మీరు వచ్చేలోగా మార్చేశాను."

తేజశ్రీ చేతిలో జామకాయ కిందపడింది. "నా పేరు చెప్పి ఆయన పొట్ట కొట్టారా? ఛీ!"

"ఒరే వెర్రి వెధవా," అంది అచ్చమ్మ, "నోరు తెరిచి అడిగితే నీ పెళ్ళాం కోసం జీపే ఇచ్చేవాళ్ళం కదరా! ఆ పిల్ల పురుడు పోసుకునేదాకా అవి దాని బండిలోనే ఉంటాయి. నువ్వు మాత్రం రేపే తాడేపల్లిగూడెం వెళ్ళి, సంఘంలో అందరి ముందూ ఈ మాటే చెప్పాలి." తర్వాత క్రాంతి కుమార్ వైపు తిరిగింది. "నువ్వేంటబ్బాయ్, ఇంత దుఃఖం కడుపులో పెట్టుకుని నాకోసం బండి చేశావా? ఇనుముకి మైలేవిటిలే!"

నాయకులు భారీ గొంతు మొదటిసారి తగ్గింది. "బోర్డు దింపకు నాయనా. నాకు ఇంకో సెట్టు చూసిపెట్టు. నెల్లాళ్ళు కాదు, ఆర్నెల్లైనా గెంతుతాను."

మర్నాడు గిరిధర్ గూడెం వెళ్ళి, చెప్పవలసింది చెప్పాడు. అక్కడి మెకానిక్కులు అతన్ని ఊరికే వదల్లేదని, రెండు గంటలు ఆడుకున్నారని ఫణికిరణ్ కనుక్కొచ్చాడు.

ఆదివారం ఉదయం ఆఫీసు మెట్లెక్కి క్రాంతి కుమార్ వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు, నుదుట ఎర్రటి కుంకుమ. ఉంగుటూరు డాక్టరుగారి బండికి పొద్దున్నే కొత్త బ్రేకులు బిగించాడట, మైల తీరాక పెట్టిన మొదటి బొట్టు దానికేనట.

"నలభై ఏళ్ళు పెదనాన్నగారు పెట్టిన బొట్టే మా షెడ్డుకి పేరు తెచ్చిందండీ," అన్నాడు. "ఆయన కోసం పెట్టకుండా మానేసిన బొట్టు ఆ పేరు నిలబెట్టింది."

విజయదుర్గ సొరుగు తెరిచింది. అందులో ఆ ఉదయమే ఫణికిరణ్ చేత తెప్పించిన ద్వారకా తిరుమల పొట్లం ఉంది.

"తర్వాత తీసుకుంటానన్నారుగా," అంది.

క్రాంతి కుమార్ రెండు చేతులూ చాపి లడ్డు అందుకున్నాడు, కళ్ళకద్దుకుని, అక్కడే నిలబడి మొత్తం తినేశాడు.